ఈ20 పోస్తున్నారు సరే, ఈ10 ఏది?

బండి కొన్నవాడికి అందులో ఏ పెట్రోల్ పోయించుకోవాలో తేల్చుకునే హక్కు ఉందా లేదా? ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ (చెరుకు, ధాన్యాల నుంచి తీసే ఆల్కహాల్) కలిపిన పెట్రోల్, దాని గొడవ అంతా ఇక్కడే ఉంది. 2030కి అనుకున్న 20 శాతం ఇథనాల్ టార్గెట్‌ని ముందుకు జరిపి 2025కే కొట్టేశామని గొప్పగా చెప్పుకుంటున్నారు, కానీ బంకుకి వెళ్ళి పాత బండికి 10 శాతమే కలిపిన ఈ10 పొయ్యమంటే ఎక్కడా లేదు, ఉన్నదే పోయించుకో, లేదంటే ప్రీమియం రేటు కట్టుకో.

క్రూడ్ దిగుమతి తగ్గి లక్ష కోట్లకు పైగా విదేశీ మారకం మిగిలిందని, రైతుకి డబ్బులు వస్తున్నాయని సర్కారు వాదన. ఉండొచ్చు. అడగకుండా పోయడానికి అది కారణం కాదు కదా.

2021లో కేంద్రానికి సలహాలిచ్చే నీతి ఆయోగ్ ఇథనాల్ రోడ్‌మ్యాప్‌లోనే రాశారు, ఈ10కి ట్యూన్ చేసిన కార్లలో ఈ20 వాడితే మైలేజీ 6, 7 శాతం పడిపోతుందని, బైకులకి 3, 4 శాతం అని. లీటర్ ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌ కంటే మూడో వంతు తక్కువ, అందుకే రేటు తగ్గించి అమ్మాలని, పాత బండ్ల కోసం ఈ10 కూడా దేశమంతా ఉంచాలని అదే రిపోర్ట్ చెప్పింది. టార్గెట్ పేజీ ఒక్కటే చదివి మిగతాది పక్కన పడేశారు. రేటు తగ్గలేదు, ఈ10 లేదు, సొంత రిపోర్ట్‌నే లెక్కచేయనోళ్ళు ఇప్పుడు మైలేజీ, ఇంజన్ గురించి జనం భయాలన్నీ పుకార్లంటే ఎవరు నమ్ముతారు?

ఎలక్ట్రిక్ కార్ల సంగతి చూడండి. తెలంగాణలో 2026 డిసెంబర్ దాకా రోడ్ ట్యాక్స్ మాఫీ ఇచ్చి రమ్మని పిలిచారు, ఇష్టమున్నోడు చార్జింగ్, బ్యాటరీ లెక్కలు చూసుకుని కొంటున్నాడు, వద్దనుకున్నోడిని ఎవరూ బలవంతం చేయట్లేదు. మన కరెంట్‌లో ఎక్కువ భాగం బొగ్గుదే, నిజమే, కానీ సోలార్ పెరిగేకొద్దీ అదే కారు నుంచి వచ్చే కాలుష్యం లెక్క తగ్గుతూ పోతుంది. ఇథనాల్‌కి అలా కాదు, ప్రతి ఏడూ మళ్ళీ చెరుకు, మొక్కజొన్న, బియ్యం, వాటికి బోరు నీళ్ళు కావాల్సిందే. 2024-25లో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోడౌన్ల నుంచి 52 లక్షల టన్నుల బియ్యం దీనికి కేటాయించారు! నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో జనం రోడ్డెక్కింది కూడా తమ ఊళ్ళో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దనే.

మేము ఇథనాల్‌కి వ్యతిరేకం కాదు, అడగకుండా పోయడానికి వ్యతిరేకం. ఒకసారి ఊరుకుంటే అదే అలవాటైపోతుంది. 2025 సెప్టెంబర్‌లో ఈ20 మీద వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి పని అయిపోయిందని సర్కారు అనుకుంటున్నట్టుంది, అప్పుడే 27 శాతం కలిపే ఈ27 మాటలు మొదలయ్యాయి. ముందు ప్రతి బంకులో ఈ10 పెట్టండి, పంపు మీద ఎంత శాతం కలిపారో కనపడేలా రాయండి, మైలేజీ పోయిన మేరకు రేటు తగ్గించండి. ఐదేళ్ళ కింద మీ సొంత ఆయోగ్ చెప్పిన పని కూడా చేయని పెట్రోలియం శాఖకి ఈ27 అనే మాట ఎత్తే అర్హత లేదు.