ఏసీ గ్యాసు బిల్లులో కనిపించని కిలోలు

మాదాపూర్‌లో ఒక ఆఫీసు భవనం. నేలమాళిగలో జనరేటర్ పక్కన మేకుకు దారంతో వేలాడుతున్న లాగ్ పుస్తకం, దాని అట్ట మీద నూనె మరకలు. కర్బన నిర్వహణ, అంటే భూమిని వేడెక్కించే వాయువులను లెక్కగట్టి తగ్గించే చదువులో పీజీ చేస్తున్న ఒక అమ్మాయి ప్రాజెక్టు పని మీద అక్కడికి వెళుతుంటే నేనూ వెంట వెళ్లాను. డీజిల్ లెక్క తేలిగ్గానే దొరికింది. లీటరు మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. కరెంటుదీ అంతే, మన గ్రిడ్‌లో యూనిట్‌కు దాదాపు 700 గ్రాములు. చిక్కంతా ఏసీల దగ్గర వచ్చింది. సర్వీసు బిల్లులన్నీ తిరగేస్తే ప్రతిదానిలో ఒకే మాట: ‘గ్యాస్ ఫిల్లింగ్’. ఎన్ని కిలోలు నింపారో ఒక్కదానిలోనూ లేదు. ఆ యంత్రాల్లో చల్లదనం కోసం వాడే గ్యాసు ఆర్-410ఏ. అది ఒక్క కిలో గాలిలో కలిస్తే సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే దాదాపు 740 లీటర్ల డీజిల్ తగలబెట్టినట్టు. ఆ అమ్మాయి వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో ఆ గడిని ఖాళీగా వదిలేసినా నివేదిక అందంగా తయారైపోతుంది.

ఈ చదువు గురించి నా దిగులంతా ఆ ఖాళీ గడిలోనే ఉంది.

కర్బన నిర్వహణ, వాతావరణ మార్పుల పీజీలో పిల్లలను చేర్చాలనుకునే తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఉద్యోగాల గురించి. ఉన్నాయి, పెరుగుతాయి కూడా. స్టాక్ మార్కెట్‌లో నమోదైన మొదటి 1000 కంపెనీలు పర్యావరణ, సామాజిక బాధ్యతలపై ఏటా నివేదిక ఇవ్వాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంట్, ఎరువుల వంటి దిగుమతులపై ఐరోపా సమాఖ్య తెచ్చిన సరిహద్దు కర్బన సుంకం 2026 జనవరి 1న అసలు దశలోకి వచ్చింది. సొంత లెక్క చూపించలేని సరుకుకు అక్కడివారు ముందే నిర్ణయించిన అంకె వేస్తారు, అది సాధారణంగా ఎక్కువే ఉంటుంది. మన కేంద్ర ప్రభుత్వం 2023లో కర్బన క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించింది. టన్ను సరుకుకు ఇంతకు మించి ఉద్గారాలు ఉండకూడదని పరిశ్రమలకు హద్దు పెడతారు. హద్దు లోపల ఉన్నవారికి సర్టిఫికెట్లు (ఇవే కర్బన క్రెడిట్లు) వస్తాయి, దాటినవారు కొనుక్కోవాలి. ఇకమీదట ప్రతి తప్పు లెక్కకూ డబ్బు రూపంలో ధర ఉంటుంది.

అంకె ఎక్కడ పుడుతుందో తెలియనివారు ఆ లెక్కను ఎలా సరిచూస్తారు? పాఠం చాలా చోట్ల అంకె చేతికి వచ్చిన తర్వాతే మొదలవుతోంది. పట్టికలు, గుణకాలు, నివేదిక నమూనాలు అన్నీ నేర్పుతారు. వాటిలో తప్పేమీ లేదు. కానీ ఆ పని రేపు కంప్యూటర్ తనంతట తానే చేస్తుంది.

నా మాట వింటే తొలి సెమిస్టర్‌లోనే విద్యార్థులను తాండూరు తీసుకెళ్లాలి. హైదరాబాద్ నుంచి ఉదయం రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. సిమెంట్ బట్టీ ముందు నిలబడితే పుస్తకంలోని సమీకరణం ఒంటికి తగులుతుంది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పైకి పోతుంది. ఇది బొగ్గు పొగ కాదు, రాయిలోంచే వచ్చేది. బట్టీని రేపు పూర్తిగా సౌర విద్యుత్తుతో వేడి చేసినా ఆ 44 కిలోలు తగ్గవు. తగ్గాలంటే బట్టీలోంచి వచ్చే కాల్చిన గడ్డలను, అంటే క్లింకర్‌నే తగ్గించి దాని స్థానంలో మరొకటి కలపాలి. థర్మల్ కేంద్రాల బూడిదను 35 శాతం దాకా కలిపే సిమెంట్ మన మార్కెట్‌లో ఎప్పటినుంచో ఉంది. ఏ బూడిద పనికొస్తుంది, కాంక్రీటు గట్టిపడటానికి ఎన్ని రోజులు పడుతుంది, మేస్త్రీ దాన్ని ఎందుకు ఇష్టపడడు? కర్బన నిర్వహణ అంటే నా దృష్టిలో ఈ ప్రశ్నలే. ‘సున్నా ఉద్గారాల ప్రణాళిక’ అని రాయడం వీటికి జవాబు దొరికిన తర్వాతి పని.

వరి సంగతీ ఇంతే. నీళ్లు నిలిచిన మడిలో గాలి అందక మట్టిలోని సూక్ష్మజీవులు మిథేన్‌ను పుట్టిస్తాయి. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 27 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఆరుతడి పద్ధతిలో మడిని మధ్యమధ్య ఆరనిస్తే మిథేన్ బాగా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. అయితే ఆరబెట్టిన మడికి మళ్లీ నీరు ఎప్పుడొస్తుందన్నది కాలువ చివరి రైతుకు తన చేతిలో లేని విషయం. ఆ భయం తెలియకుండా రైతులకు కర్బన క్రెడిట్లు ఇప్పిస్తామని బయలుదేరడం అన్యాయం. అందుకే వ్యవసాయ డిగ్రీ చేసినవారు ఈ పీజీలోకి ఎక్కువగా రావాలని కోరుకుంటాను.

ఇవన్నీ నేర్పడానికి హైదరాబాద్‌ను మించిన ఊరు దేశంలో అరుదు. రాజేంద్రనగర్‌లో భారత వరి పరిశోధన సంస్థ ఉంది. సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయంపై పనిచేసే క్రీడా, పటాన్‌చెరులో మెట్ట ప్రాంతాల పంటలపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్, బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల ఎన్ఆర్ఎస్‌సీ, ప్రగతినగర్‌లో సముద్రాన్ని గమనించే ఇన్‌కాయిస్ ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో వాతావరణ మార్పుల కోసం ఒక విభాగమే ఉంది. సిటీ బస్సు పాస్‌తో ఇంత విజ్ఞానం అందే ఊళ్లో నాలుగు గోడల మధ్యే కోర్సు ముగించడం నాకు బాధగా ఉంటుంది. చేరేముందు విభాగంలో ఒక్క ప్రశ్న అడగండి: రెండేళ్లలో ఎన్ని రోజులు బయట కొలతలు తీసుకుంటాం?

భాష గురించి కూడా చెప్పాలి. ఆ నేలమాళిగలో అమ్మాయి మొదట ‘రిఫ్రిజరెంట్ లీకేజీ రికార్డు’ కావాలని అడిగింది. మెకానిక్ లేదన్నాడు. కాసేపాగి, “అన్నా, నింపేముందు సిలిండర్ ఎంత బరువుండేది, నింపాక ఎంత ఉండేది?” అని అడిగింది. “కాటా మా దగ్గరే ఉందమ్మా, తూచే నింపుతాం. బరువు రాయమని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు” అన్నాడతను. కొలత ఇన్నాళ్లూ జరుగుతూనే ఉందన్నమాట.

ఆ సాయంత్రమే ఆమె తెల్లకాగితం మీద తెలుగులో నాలుగు గళ్లు గీసింది: తేదీ, ఏ యంత్రం, ముందు బరువు, తర్వాత బరువు. రెండు వారాల తర్వాత వెళ్లేసరికి అది లాగ్ పుస్తకం పక్కనే అదే మేకుకు వేలాడుతోంది. మొదటి వరుసలో బరువులు రెండూ ఉన్నాయి, మెకానిక్ చేతిరాతలో.