హలేవీ ఉత్తరాలు ఏ భాషలో ఉన్నాయి?

టెల్ అవీవ్‌లో ఒక వీధికి యెహూదా హలేవీ పేరుంది. పన్నెండో శతాబ్దపు స్పెయిన్ యూదు కవి. మనసంతా తూర్పునే ఉందని, తాను మాత్రం పడమటి కొసన ఉండిపోయానని బాధపడ్డాడు. వయసు మళ్లాక, 1140లో, అయినవాళ్లందరినీ వదిలి జెరూసలెం చేరాలని స్పెయిన్ నుంచి ఓడెక్కాడు. జెరూసలెం గుమ్మం దగ్గర ఒక అరబ్బు ఆయన్ని గుర్రంతో తొక్కించి చంపాడన్న కథ మాత్రం నాలుగు వందల ఏళ్ల తర్వాతి పుస్తకంలో కనిపిస్తుంది.

యూదులకు పాలస్తీనాలో సొంత దేశం కావాలన్న జియోనిస్టులు ఆయన్ని తమ తొలి మనిషిగా చూసుకున్నారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఆ చూపులో అరబ్బు ఎప్పుడూ ఎదుటి పక్షమే అయ్యాడు. చరిత్రకారుడు బెన్ జియోన్ దినూర్ 1951 నుంచి 1955 దాకా ఇజ్రాయెల్ విద్యామంత్రి. యూదుల అసలు ప్రవాసం క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలెం ఆలయాన్ని కూల్చినప్పుడు కాదు, ఏడో శతాబ్దంలో అరబ్బులు పాలస్తీనాకు వచ్చి భూములు తీసుకున్నప్పుడు మొదలైందన్నాడు. తేదీ ముందుకు జరిగింది, దాంతోపాటు నింద కూడా రోమన్ల మీద నుంచి అరబ్బుల మీదికి జరిగింది.

అదే గతాన్ని మరో యూదు చరిత్రకారుడు సైమన్ దుబ్నోవ్ వేరేగా చదివాడు. ఆయనా యూదు జాతీయవాదే, కానీ ప్రత్యేక దేశం అడగలేదు. మధ్యయుగాల యూదులు సొంత న్యాయస్థానాలు నడుపుకున్నారు, పన్నులు తామే పంచి వసూలు చేసుకున్నారు. పోలండ్‌లో వాళ్ల ఉమ్మడి మండలి 1764 దాకా సాగింది. రాజ్యం లేకుండానే జాతి బతకగలదనడానికి ఆయన చూపిన రుజువు ఇదే. 1941లో లాత్వియాలోని రీగాలో నాజీలు ఆయన్ని చంపేశారు. ఆ చావును చూపించి ఆయన వాదన తప్పని తేల్చడం అన్యాయం.

ఇక హలేవీ. పాత కైరోలోని ఒక యూదు ప్రార్థనా మందిరంలో, పనికిరాని కాగితాలు దాచే గదిలో ఆయన స్వయంగా రాసిన ఉత్తరాలు దొరికాయి. స్నేహితుడు హల్ఫోన్ బెన్ నెతనేల్‌కు రాసినవి. ఈ హల్ఫోన్ మన దేశంతో వ్యాపారం చేసిన యూదు. ఉత్తరాల్లో లిపి హీబ్రూ, భాష అరబిక్. యూదు మతం తరఫున వాదిస్తూ ఆయన రాసిన ‘కుజారీ’ పుస్తకం కూడా అరబిక్‌లోనే ఉంది, హీబ్రూలోకి తర్వాత వేరొకరు తెచ్చారు. ఆయన హీబ్రూ పద్యాలు చాలావరకు అరబిక్ ఛందస్సు నుంచి వచ్చిన కొలతల్లోనే నడుస్తాయి. హలేవీని జియోనిస్టు అనుకుంటే అనుకోవచ్చు. అరబిక్‌ను ఆయన నుంచి తీసేసి మాత్రం కాదు. 1141 మేలో, దారిలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవులో మళ్లీ ఓడెక్కి గాలి కోసం రోజుల తరబడి ఎదురుచూసిన ఆ ముసలాయన మనసులో జెరూసలెం ఉంది, నోట్లో ఆ భాష ఉంది.