ఎర్రనీళ్లు పోస్తే వెలుగు తగ్గదా మరి?

మళ్లీ అదే గ్రాఫ్. పొద్దున్నే కళ్లబడింది. ఓ పరిశోధనా పత్రంలో కార్బన్ డాట్ల (యూవీ వెలుగు పడితే మెరిసే అతిచిన్న కార్బన్ రేణువుల) ద్రావణంలో రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ పోసుకుంటూ పోయారట, నీలం వెలుగు తగ్గుతూ వచ్చిందట, అందుకని అది హిమోగ్లోబిన్‌ని మాత్రమే పట్టుకునే "సెలెక్టివ్ సెన్సర్" అట!

తగ్గక ఏం చేస్తుందండీ? 360 నానోమీటర్ల వెలుగు వేసి ఎక్సైట్ చేస్తే ఆ డాట్లు 440 చుట్టూ వెలుగుతాయి. హిమోగ్లోబిన్ వెలుగును బాగా మింగే సోరె బ్యాండు 415 దగ్గర కొండలా కూర్చుంటుంది, దాని అంచు 440 దాకా పాకుతుంది. డాట్ల దాకా వెళ్లే వెలుగునీ మింగుతుంది, వాటి నుంచి వచ్చే వెలుగునీ మింగుతుంది. దీన్నే ఇన్నర్ ఫిల్టర్ ఎఫెక్ట్ అంటారు. లాంతరు గాజుకు మసి పడితే దీపం ఆరిపోయిందని చాటింపు వేసినట్టుంది.

ఎక్సైటేషన్ (వేసే వెలుగు), ఎమిషన్ (వచ్చే వెలుగు) రెండు చోట్లా అబ్సార్బెన్స్, అంటే ద్రావణం ఎంత వెలుగు మింగుతోందో, చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. 0.1 దాటిందంటే సరిచేయాల్సిందే. రెండు చోట్లా 0.5 ఉందనుకోండి, సగటు 0.5, అంటే 10 పవర్ 0.5, కొలిచిన వెలుగుని దాదాపు 3.16 రెట్లు చేసి సరిచేయాలి. డాట్‌ని ప్రొటీన్ ముట్టుకోకుండానే మూడింట రెండు వంతుల వెలుగు మాయం! అంతకు మించితే లెక్కలు మానేసి ద్రావణాన్ని పలచన చేసుకోవాలి. పైగా "లైఫ్‌టైమ్ (ఎక్సైట్ అయిన డాట్ వెలుగు నిలిచే సమయం) మారలేదు, కాబట్టి స్టాటిక్ క్వెంచింగ్ (ప్రొటీన్ డాట్‌కి అతుక్కుని వెలుగు ఆర్పడం)" అని తీర్పు ఒకటి. ఫిల్టర్ ఎఫెక్ట్‌లోనూ లైఫ్‌టైమ్ మారదు మహాప్రభో!

అసలు వెలిగేది డాట్లేనా? సిట్రిక్ యాసిడ్, ఇథిలీన్ డయమీన్ ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్ లాంటి మూసిన పాత్రలో) 200 డిగ్రీల దగ్గర ఐదు గంటలు ఉడికిస్తే డాట్లతో పాటు బ్రహ్మాండంగా వెలిగే చిన్న మాలిక్యూల్స్ కూడా పుడతాయి. శుద్ధి చేసేటప్పుడు ఆ చిన్నవి బయటికి జారిపోయే డయాలసిస్ బ్యాగ్ చుట్టూ ఉన్న నీళ్ల మీద 365 నానోమీటర్ల యూవీ టార్చి వేసి చూడండి. బీకరంతా నీలంగా మెరుస్తుంది. ఆ నీళ్లు సింకులో పారబోసి లోపలిదానికి మాత్రమే పేరు పెడతారు.

ఇక "గ్రీన్ సింథసిస్" (ఆకులు, తొక్కలతో డాట్లు చేయడం) ఊసెత్తితే నాకు బీపీయే. కరివేపాకు, నిమ్మతొక్క, అరటితొక్క... వంటింట్లో ఆటోక్లేవ్ ఎక్కనిది పోపుల డబ్బా ఒక్కటే. ఈ వారం కరివేపాకుకీ వచ్చే వారం కరివేపాకుకీ ఎమిషన్ ఒకేలా వస్తుందని హామీ ఎవరిస్తారు? చెట్టా?

సీరంని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) 100 రెట్లు పలచన చేసి, తామే హిమోగ్లోబిన్ కలిపి, తామే కొలిచి, "రికవరీ 99 శాతం" అంటారు. కలిపినవాడికి ఎంత కలిపాడో తెలీదా? వేరే పదార్థాలకు డాట్లు స్పందించవని చూపే సెలెక్టివిటీ బొమ్మలో సోడియం, పొటాషియం, గ్లూకోజ్, యూరియా వరసగా నిలబడి ఉంటాయి. సీరంలో లీటరుకు 35 నుంచి 50 గ్రాములుండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మాత్రం కనబడదు. 100 రెట్లు పలచన చేసినా 5 మైక్రోమోలార్‌కి తగ్గదది. పాపం దొరకలేదేమో అనుకుందామంటే, బీఎస్ఏ (ఆవు సీరం ఆల్బుమిన్) అని రాసిన సీసా ప్రతి ల్యాబు ఫ్రిజ్‌లోనూ తలుపు తీయగానే ఎదురుగానే ఉంటుంది.