క్యాన్సర్ పేషెంట్‌కి ఏం పెట్టాలి? చెప్పేవాళ్లేరీ?

మన ఇళ్లలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలిందంటే, ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టులో ఏముందో సరిగ్గా చూడకముందే వచ్చే మొదటి ప్రశ్న ఒకటే, ఏం పెట్టొచ్చు ఏం పెట్టకూడదు అని. బాలింతకైనా కామెర్లకైనా పథ్యం చెప్పకపోతే వైద్యం సగమే అయినట్టు మనకి. మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు బాబాయ్ ఇదే అడిగితే, డాక్టర్ గారు "అన్నీ పెట్టొచ్చండి" అనేసి తర్వాతి టోకెన్ పిలిచారు. ఆయన చెప్పింది తప్పేం కాదు, బయట బెంచీల నిండా జనం ఉన్నారు కూడా. కానీ ఆ రాత్రే ఫ్యామిలీ గ్రూపులోకి లక్ష్మణఫలం వచ్చేసింది, కీమో కంటే పదివేల రెట్లు పవరంట, ఆ వెనకే పంచదార బంద్, పాలు బంద్, గుడ్డు బంద్, నెల తిరిగేసరికి మనిషి లేచి నిలబడలేకపోతే కీమో వాయిదా వేశారు.

నాకైతే అనిపించేది ఇదీ, క్యాన్సర్ గురించి అబద్ధాలు మన ఇంట్లోకి వచ్చేది వంటింటి దారినే.

ఆ పదివేల రెట్ల మాట ల్యాబ్‌లో గిన్నెల్లో పెంచిన కణాల మీద చేసిన పరీక్షల్లోంచి పట్టుకొచ్చింది, మనుషుల్లో ఆ పండు క్యాన్సర్ తగ్గించిందని రుజువు లేదు. పంచదార సంగతీ అంతే. పెట్ స్కాన్‌లో గ్లూకోజ్ లాంటి మందు ఎక్కిస్తే గడ్డ దాన్ని ఎక్కువగా లాక్కుని వెలుగుతుంది కాబట్టి చక్కెర ఆపేస్తే గడ్డ ఎండిపోతుందంటారు, గ్లూకోజ్ మెదడుకీ గుండెకీ కూడా కావాలి కదా, అన్నం మానేసినా ఒళ్లు కండ కరిగించి అయినా తయారుచేసుకుంటుంది. అంటే ఎండిపోయేది పేషెంటే.

2024 నవంబర్‌లో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్యకి స్టేజ్ 4 క్యాన్సర్ వేపాకు, పసుపు, నిమ్మరసం డైట్‌తో తగ్గిందని చెప్తే ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఆమెకి సర్జరీ, కీమో రెండూ జరిగాయి, ఆ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. ముంబైలోని క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్‌లో పనిచేస్తున్నవాళ్లు, చేసినవాళ్లు 262 మంది ఆంకాలజిస్టులు (క్యాన్సర్ డాక్టర్లు) సంతకాలు పెట్టి, ఇలాంటివి నమ్మి ట్రీట్‌మెంట్ ఆలస్యం చెయ్యొద్దని స్టేట్‌మెంట్ ఇచ్చారు. అది మా గ్రూపులోకి రానేలేదు, వీడియో అయితే మూడుసార్లు వచ్చింది. క్యాన్సర్ తగ్గిస్తాం అని మందులకి యాడ్ ఇవ్వడం 1954 చట్టం ప్రకారమే నేరం, యూట్యూబ్ తెరిస్తే ఆ చట్టం ఉన్నట్టే అనిపించదు.

అసలు తెలియాల్సినవి వేరే ఉన్నాయి. కీమో తర్వాత, ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు పడిపోయే రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలకి చేరితే డోలో వేసి పొద్దున చూద్దాంలే అనుకోకూడదు, అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి పరిగెత్తాల్సిందే. ఈ ఒక్క మాట ప్రాణం కాపాడుతుంది, కానీ ఇందులో పండూ లేదు ఆకూ లేదు, ఎవరు ఫార్వర్డ్ చేస్తారు! అలాగే ముక్క పరీక్ష చేసిన బ్లాకులు (మైనంలో దాచిన ముక్క), స్లైడులు (గాజు పలక మీది పొర) అడిగి తీసుకోవచ్చని చాలామందికి తెలీదు, సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే ముందు అడిగేది అవే. 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ (దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల నెట్‌వర్క్), టాటా మెమోరియల్‌తో కలిసి నవ్య అనే ఆన్‌లైన్ సర్వీస్ నడుస్తోంది, రిపోర్టులు అప్‌లోడ్ చేస్తే నిపుణుల అభిప్రాయం వస్తుంది, ముంబై రైలెక్కక్కర్లేదు.

డల్లాస్‌లో ఉన్న మా కజిన్ మంచి అమెరికన్ గైడ్‌లైన్ పీడీఎఫ్ ఒకటి పంపాడు, పాపం. ఇంగ్లీషులో, బోలెడన్ని పేజీలు. బాబాయ్ దాన్ని ఫోన్‌లో భద్రంగా దాచుకున్నాడు అంతే.

చివరికి పిన్నికి జవాబు చెప్పింది డేకేర్‌లో సెలైన్ పెట్టే సిస్టర్. ఉడికించిన గుడ్డు రోజూ పెట్టండి, పెరుగన్నం, పప్పు, చేపలు ఓకే, కోసి బయట అమ్మే పండ్లు వద్దు, నోరు పూసినప్పుడు కారం తగ్గించండి, పసుపు కూరలో ఎంతైనా వేసుకోండి గానీ క్యాప్సూల్స్ మింగేముందు డాక్టర్‌కి చెప్పండి. రెండే రెండు నిమిషాలు, తెలుగులో. బాబాయ్ ఆ రోజే గ్రూప్ మ్యూట్ చేశాడు.

ఆరోగ్యశ్రీ హాస్పిటల్స్‌లో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది, కార్డు, అప్రూవల్ లాంటివన్నీ వాళ్లు చూస్తారు, జబ్బు గురించి చెప్పడం వాళ్ల పని కాదు. ఆ డెస్క్ పక్కనే ఇంకో కుర్చీ వేసి ఆ సిస్టర్ లాంటి మనిషిని కూర్చోబెట్టడానికి అయ్యే ఖర్చు ఒక్క కీమో ఇంజెక్షన్ రేటు పక్కన పెట్టి చూడండి.