తప్పంతా తపాలాదే

షేక్‌స్పియర్ విషాద నాటకాలకు మూలం ఏమిటని ఇంగ్లీషు ఎం.ఏ. చదివినవాళ్లను అడగండి. హీరోలో ఉన్న లోపమే అంటారు. హామ్లెట్‌కి తాత్సారం, ఒథెల్లోకి అనుమానం. పరీక్షల్లో నేనూ అదే రాశాను, మార్కులూ వేశారు. ఇన్నేళ్ల తర్వాత తపాలా కోణంలో చూస్తే అసలు సంగతి బయటపడింది.

రోమియోనే తీసుకోండి. జూలియెట్ చచ్చిపోలేదు, మందు తాగి పడుకుందంతే అని ఫ్రయర్ లారెన్స్ అనే సన్యాసి అతనికి ఉత్తరం రాశాడు. దాన్ని మోసుకెళ్లాల్సిన ఫ్రయర్ జాన్‌ని ప్లేగు అనుమానంతో ఓ ఇంట్లో పెట్టి తలుపులు మూసేశారు. ఉత్తరం వెరోనా దాటలేదు. చావు కబురు మాత్రం నౌకరు బల్తజార్‌తో పాటు గుర్రమెక్కి, రోమియో ఉంటున్న మాంటువా చేరింది. ప్రేమ, పగ, విధి అంటూ జనం కళ్లొత్తుకుంటారు గానీ, జాన్ చేతిలో తిరిగొచ్చిన ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోరు.

అదే హాస్య నాటకమైతే సర్వీసు వేరు. 'ట్వెల్త్ నైట్'లో మరియా తన యజమానురాలి దస్తూరీతో దొంగ ప్రేమలేఖ రాసి తోటలో పడేస్తుంది. పైన ఎవరి పేరూ లేదు. అయినా చేరాల్సినవాడికే చేరుతుంది. ఆ ఇంట్లో పెత్తనం చేసే నౌకరు మాల్వోలియో దాన్ని తీసి, దస్తూరీ అమ్మగారిదేనని తేల్చుకుని, లక్కముద్రను మర్యాదగా అనుమతి అడిగి మరీ విప్పుతాడు. లోపల ఎం, ఓ, ఎ, ఐ అని నాలుగక్షరాలు. నాలుగూ తన పేరులో ఉన్నాయి, ఇంకేం కావాలి? ఉత్తరంలో చెప్పినట్టే పసుపుపచ్చ మేజోళ్లు తొడిగి, అడ్డపట్టీలు బిగించి, నెత్తురాడక కాళ్లు లాగుతున్నా ఇకిలిస్తూ అమ్మగారి ముందు నిలబడ్డాడు. పిచ్చెక్కిందని చీకటి గదిలో వేశారు. పాపం, మీ అందరి మీదా పగ తీర్చుకుంటానంటూ వెళ్లిపోయాడు. మిగతావాళ్లకు పెళ్లిళ్లు కుదిరాయి కాబట్టి ఇది కామెడీ.

నా సిద్ధాంతానికి 'మాక్బెత్' ఒక్కటే అడ్డం. రాజవుతానని మంత్రగత్తెలు చెప్పారంటూ అందులో మాక్బెత్ భార్యకు రాసిన ఉత్తరం ఠంచనుగా అందింది, కొంప ముంచింది కూడా అదే. ఆ నాటకాన్ని సిలబస్ నుంచి తీసేయాలని ప్రతిపాదిస్తున్నాను.

షేక్‌స్పియర్ నాటకాలను పోగేసిన 1623 నాటి సంపుటం ఫస్ట్ ఫోలియో 'మర్చంట్ ఆఫ్ వెనిస్'ని హాస్య నాటకాల్లో చేర్చింది. అందులో వడ్డీవ్యాపారి షైలాక్‌కి కూతురు దూరమైంది, ఆస్తి పోయింది, చివరికి మతమూ పోయింది. అయినా కామెడీయే. ఎందుకంటే ఆఖరున నాయిక పోర్షియా సీలు వేసిన ఉత్తరం ఒకటి తీసి వర్తకుడు ఆంటోనియో చేతిలో పెడుతుంది. మునిగిపోయాయనుకున్న ఆయన ఓడల్లో మూడు నిండు సరుకుతో రేవుకొచ్చాయట. ఇది నీకెలా దొరికిందమ్మా అని ఆయన అడిగేలోపే, అది మాత్రం చెప్పనంటుంది.

నోట మాట రావడం లేదన్నాడు ఆంటోనియో.