పోపుల డబ్బాలో చలానా

హెల్మెట్ ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియక కాదు. పాతికేళ్లుగా మోచేతికి పెట్టుకుంటున్నాను, అంతే. విజయవాడని ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు కదా. మే నెలలో అది తలకి తగిలిస్తే మెదడు ఆవకాయలా ఊరిపోతుందని నా వాదన. ట్రాఫిక్ పోలీసు కనబడినప్పుడు మాత్రం ఎంత ఎండలోనైనా తల దానంతటదే అందులో దూరేది. ఫోనొస్తే కూడా దూరేది. చెవికీ హెల్మెట్‌కీ మధ్య ఫోను ఇరికిస్తే ఎంత గతుకైనా జారదని నా నమ్మకం.

ఆ నమ్మకం మొన్నామధ్య సాయంత్రం బీఆర్‌టీఎస్ రోడ్డు మీద జారింది.

"ఎక్కడున్నారండీ?" అంది మా ఆవిడ.

"వచ్చేశా, మన సందు మొగలోనే ఉన్నా."

నిజానికి ఇంకా రెండు కిలోమీటర్లుంది. ఈ మాట చెబుతుండగానే ఫోను గడ్డం వైపు జారింది. దాన్ని భుజంతో ఆపుదామని మెడ వంచాను. మెడ ఎటు వంగితే స్కూటీ అటే వెళ్లింది. మెల్లగా, మర్యాదగా వెళ్లి పునుగుల బండికి ఆనింది. చట్నీ గిన్నె గిన్నెంతా నా ఒళ్లోకి వచ్చేసింది. బాణలి అక్కడికి జానెడు దూరంలో సలసలా కాగుతోంది. పడింది చట్నీ కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను.

బండి అబ్బాయి చిల్లుల గరిటె పట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూశాడు. "పార్సెల్ కావాలంటే దిగి అడగొచ్చుగా బాబాయ్?"

ఫోనింకా కట్ కాలేదు. హెల్మెట్‌లోంచి మా ఆవిడ గొంతు తాపీగా వినిపించింది. "మన సందు మొగలో పునుగుల బండి ఎప్పుడు పెట్టారండీ?"

చట్నీకి రెండొందలు తీసుకుని, పాపం, ఆ అబ్బాయి ఒక ప్లేటు పార్సెల్ కూడా కట్టిచ్చాడు. చట్నీ లేకుండా.

ఇంటికొచ్చేసరికి విచారణ మొదలైంది. పదో తరగతి చదివే మా అమ్మాయి కాగితం మీద లెక్క వేసింది. గంటకి 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 11 మీటర్లు. ఫోను వైపు మూడు సెకన్లు చూస్తే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టేనట. "నాన్నా, అంతలో ఎన్ని బండ్లుంటాయో తెలుసా?" అంది. తెలుసు. ఒకటి చాలు.

ఆ రాత్రే మా ఇంట్లో చట్టం అమల్లోకి వచ్చింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం హెల్మెట్ లేకపోతే 1000 రూపాయలు. ఫోను పట్టుకుని నడిపితే 1000 నుంచి 5000. "ఇంటివాళ్లు కాబట్టి వందో వంతు చాలు" అంది మా ఆవిడ. హెల్మెట్‌కి పది, ఫోనుకి పెద్ద రేటే చూసి యాభై. స్ట్రాప్ బిగించకపోయినా పదే, చట్టంలోనూ అది పెట్టుకోనట్టే లెక్కట. అనవసరపు హారన్‌కి రూపాయి, ఇది ఆవిడ సొంత సవరణ. వసూళ్లు పోపుల డబ్బాలో, మెంతుల గిన్నె కింద.

ఫోను సులువుగానే మానేశాను, సీటు కింద డిక్కీలో పడేస్తే సరి. చిక్కంతా హారన్‌తోనే. ఆవిడ వెనక కూర్చుని లెక్కపెట్టిన మొదటి రోజే నలభై మూడు రూపాయలు! నేను నొక్కలేదు, బొటనవేలు నొక్కింది. ముందు ఎవరూ లేకపోయినా నొక్కుతుంది. దాన్ని బలవంతంగా అరంగుళం పైకి జరిపితే అక్కడ ఇండికేటర్ మీట ఉంది. ఏలూరు రోడ్డు పొడుగునా నా కుడి ఇండికేటర్ మిణుగురు పురుగులా కొట్టుకుంటూనే ఉంది.

ఒక ఆటో పక్కకొచ్చింది. "గురూగారూ, రైటుకి తిరుగుతారా, లేక పండక్కి లైట్లు పెట్టించారా?" అని అడిగి, ఆయన మాత్రం ఎడమ కాలు బయటికి చాపి లెఫ్టుకి తిరిగిపోయాడు. ఆయన ఇండికేటర్‌కి బల్బు మార్చే ఖర్చు కూడా లేదు.

సిగ్నల్ దగ్గర గీత వెనకాలే ఆగడం మరో నరకం. ఎర్ర లైటు ఇంకా తొమ్మిది సెకన్లుండగానే వెనక హారన్ల మేళం మొదలైంది. నేను కదల్లేదు. పక్కనుంచి దూసుకుపోతూ ఒక కుర్రాడు జాలిపడ్డాడు: "పెట్రోలైపోయిందా అంకుల్?"

నెల తిరిగేసరికి నా జరిమానా రోజుకి రెండు రూపాయలకి దిగింది. మొన్న ఆదివారం కాళేశ్వరరావు మార్కెట్‌కి స్కూటీ ఆవిడ నడిపింది, నేను వెనక. చూస్తే హెల్మెట్ స్ట్రాప్ గాలికి ఊగుతోంది. బిగిస్తే జడలో మల్లెపూలు నలుగుతాయట. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"పది రూపాయలు!" అన్నాను ఇంటికి రాగానే.

ఆవిడ ఏమీ వాదించలేదు. పోపుల డబ్బా తెరిచి, మెంతుల గిన్నె కింది నుంచి పది నోటు తీసి, నాకు చూపించి, ఆవాల గిన్నె కింద పెట్టింది.

"కట్టేశాను. రశీదు కావాలా?"