కిరీటం పెట్టే ముందు బేస్ మోడల్ సంగతి చూడండి

2014 జనవరిలో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముడవుతున్న ఐదు చిన్న కార్లకు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో క్రాష్ టెస్ట్ చేసింది. పెద్దల రక్షణలో ఐదు స్టార్లకు గాను ఐదింటికీ సున్నాయే వచ్చింది. ఆ ఐదింటిలో మూడు అప్పటికే, మోటారు పాత్రికేయుల జ్యూరీ ఇచ్చే ‘ఇండియన్ కార్ ఆఫ్ ద ఇయర్’ అవార్డు అందుకున్నవి: 2008లో హ్యుందాయ్ ఐ10, 2010లో టాటా నానో, 2011లో ఫోర్డ్ ఫిగో. 2014 నవంబరులో 2012 విజేత మారుతి స్విఫ్ట్‌కు కూడా సున్నాయే దక్కింది.

పరీక్షించినవి ఎయిర్‌బ్యాగులు లేని, అన్నిటికన్నా తక్కువ ధర ఉండే బేస్ మోడళ్లు కదా, వాటిని చూపించి అవార్డును తప్పుపట్టడం న్యాయమేనా అని కొందరు అడుగుతారు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది. సమీక్ష కోసం కంపెనీలు సాధారణంగా మోటారు పాత్రికేయులకు ఇచ్చేది అన్ని హంగులూ ఉన్న టాప్ మోడల్. హైదరాబాద్‌లో మొదటి కారు కొనే ఉద్యోగి మాత్రం షోరూమ్‌లో ఆన్‌రోడ్ ధర లెక్క వేయించుకున్నాక, లైఫ్ ట్యాక్సు, బీమా, నెలనెలా కట్టాల్సిన ఈఎంఐ చూసి ఒక మెట్టు కిందికి దిగుతాడు. ధర పెరిగితే పన్నూ పెరుగుతుంది కాబట్టి ఒక్కోసారి రెండు మెట్లు దిగుతాడు. అవార్డు ఒక కారుకు వస్తే, ఇంటికి వచ్చేది మరో కారు. ప్రకటనలో రెండింటి పేరూ ఒక్కటే.

ధర, మైలేజీ, సౌకర్యం, భద్రతతో పాటు భారతీయ పరిస్థితులకు కారు ఎంతవరకు సరిపోతుందన్నదీ జ్యూరీ చూసే అంశాల్లో ఉంది. ఈ చివరి మాట వినగానే అందరికీ గుర్తొచ్చేవి గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, మే నెలలో ఏసీ. మన పరిస్థితులు అంతటితో ఆగవు. వారమంతా అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య నత్తనడక నడిచిన కారే శనివారం 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద వందకు చేరుతుంది. సంక్రాంతికి అదే కారు వెనుక సీట్లో పిల్లలు, అమ్మమ్మలతో విజయవాడ హైవే ఎక్కుతుంది. ఆ వేగంలో కుటుంబాన్ని కాపాడలేని కారు మన పరిస్థితులకు తగినదని నేను ఒప్పుకోలేను.

మార్పు రాలేదని అనడం లేదు. 2019 జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరైంది. 2022 విజేత మహీంద్రా ఎక్స్‌యూవీ 700, 2025 విజేత థార్ రాక్స్ రెండూ ఐదు స్టార్లు తెచ్చుకున్నవే. అయితే ఆ మధ్యలో 2023 అవార్డు కియా కారెన్స్‌కు వెళ్లింది. దానికి మూడు స్టార్లే వచ్చాయని 2022 జూన్‌లోనే లోకానికి తెలుసు. మూడు వరుసల కుటుంబ కారు అది, పిల్లలు ఎక్కే కారు. జ్యూరీ నిజాయతీని నేను శంకించడం లేదు. వాళ్లకు కార్ల గురించి నాకన్నా ఎంతో ఎక్కువ తెలుసు. సీట్ల అమరిక, ధర ఆ లోటును మించిపోయాయని వాళ్లు భావించి ఉండవచ్చు. అలా భావిస్తే ఆ మాట కొనేవాడికి వినబడాలి.

యూరప్‌లో 1964 నుంచి ఇస్తున్న ఇలాంటి అవార్డులో ఒక్కో సభ్యుడికి 25 పాయింట్లు ఉంటాయి. వాటిని కనీసం ఐదు కార్లకు పంచాలి, ఏ కారుకూ పదికి మించి ఇవ్వకూడదు. ఎవరు దేనికి ఎన్ని ఇచ్చారో, ఎందుకిచ్చారో పేర్లతో సహా ప్రచురిస్తారు. మన దగ్గర విజేత పేరు చేరినంత సులువుగా ఆ కారణాలు పాఠకుడికి చేరవు.

2023 అక్టోబరు 1 నుంచి మనకు సొంత భారత్ ఎన్‌క్యాప్ ఉంది. కంపెనీలు స్వచ్ఛందంగా వెళ్లాల్సిన పరీక్ష అది. వాళ్లను అక్కడికి నడిపించే శక్తి ఈ అవార్డుకు ఉంది. క్రాష్ టెస్ట్ ఫలితం లేని కారును తుది జాబితాలోకి తీసుకోకూడదు. తుది రౌండులో జ్యూరీ టాప్ మోడల్‌తో పాటు బేస్ మోడల్‌ను కూడా నడపాలి, మార్కులు దానికే వేయాలి.